రెండోసారి నొక్కకూడదు

మా ఆయనకు మతిమరుపు వచ్చిందని మొదట అన్నది మా అమ్మాయి. అన్నందుకు దాన్ని గుమ్మంలోనే నిలబెట్టి కడిగేశాను.

"మీ నాన్నకి మతిమరుపేమిటే? మన పెళ్ళిచూపుల్లో నువ్వేమన్నావో తెలుసా అని ఇప్పటికీ నన్ను ఏడిపిస్తారు. నాకే గుర్తులేదు ఆ మాట!"

"పాతవన్నీ ఉంటాయమ్మా. పొద్దున చెప్పినవే ఉండట్లేదు. ఒక్కసారి డాక్టరుకి చూపిద్దాం, నీ కాళ్ళు పట్టుకుంటా."

అది ఒక క్లినిక్‌లో రిసెప్షన్‌లో కూర్చుంటుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జబ్బు మనుషుల్ని చూసి చూసి, దానికి తుమ్మినవాళ్ళంతా రోగుల్లాగే కనిపిస్తారని నా వాదన. అసలు మా ఇంట్లో డాక్టరుండగా ఇంకో డాక్టరెందుకు? మా వీధిలో వాళ్ళందరూ ఆయన్ని పిలిచేది అలాగే మరి. 'కంప్యూటర్ డాక్టరు గారు' అని మొదలై, పోను పోను ఉత్త 'డాక్టరు గారు' అయ్యారు. అర్ధరాత్రి కడుపునొప్పని తలుపు కొట్టినవాళ్ళు కూడా ఉన్నారు.

మా ముందుగదిలో ఒక గోడ ఆయనది, ఒక గోడ నాది. ఆయన గోడకి బల్ల, దాని మీద విప్పిన కంప్యూటర్లు, స్క్రూడ్రైవర్లు, దుమ్ము దులిపే బ్రష్షు. నా గోడకి కిటికీ, కిటికీ కింద మా సొంత కంప్యూటర్. ఒకప్పుడు నేను టైపింగ్ నేర్పేదాన్ని. గదినిండా పిల్లలు టకటకలాడిస్తుంటే, వాళ్ళ వైపు వీపు పెట్టి నిలబడి కూడా ఎవరు ఏ వేలితో తప్పు కొట్టారో చెప్పేదాన్ని. టైపు మెషీన్లు పోయాయి కానీ ఆ చెవి పోలేదు. ఇప్పుడు ఆ కిటికీ దగ్గర కూర్చుని జనానికి కావలసినవి టైపు చేసి పెడుతుంటాను.

నాకు మాత్రం అనుమానం లేదా అంటే, ఉంది. బట్టలు ఉతికే మెషీన్‌లో గలగలమని చప్పుడైతే ఆపి చూశాను. ఆయన చొక్కా జేబునిండా చిన్న చిన్న స్క్రూలు. మర్నాడు ఇంకో చొక్కాలో మళ్ళీ స్క్రూలు. ఎవరి కంప్యూటరో విప్పారు, మూశారు, బిగించడం మరిచిపోయారు. పని ఎక్కువైందిలే అనుకుని వాటిని ఒక గాజు సీసాలో పోసి, గుడ్డల బీరువాలో వెనక్కి తోసేశాను. ఆ సీసా సంగతి అమ్మాయికి చెప్పలేదు.

అలా ఉండగా మా ఇంటి కంప్యూటర్ మొరాయించింది. ఆన్ చేస్తే నీలం తెర చూపించి నిలబడిపోయేది. లోపల దాన్ని నడిపించే పాత సిస్టమ్ పాడైపోయింది, మొత్తం తుడిచేసి కొత్తది ఎక్కించాలి అన్నారు ఆయన. ఆ మాట అమ్మాయి చెవిన పడింది.

"నాన్న ఎందుకమ్మా శ్రమ పడటం? శిష్యుణ్ణి పిలిపించు" అంది.

శిష్యుడంటే ఎవరో కాదు, మా ఆయన దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు మార్కెట్లో సొంత షాపు పెట్టుకున్నవాడే. జుట్టు ఊడిపోయింది, ఇద్దరు పిల్లలు, అయినా మాకు శిష్యుడే. ఆ మాటకి నేను ఒంటికాలి మీద లేచాను.

"గురువు బతికుండగా శిష్యుడు వచ్చి ఆయన ఇంట్లో కంప్యూటర్ బాగుచేయాలా? విను. మీ నాన్నే చేస్తారు. చేసి చూపిస్తే ఇంకెప్పుడూ డాక్టరు ఊసు ఎత్తకూడదు. చేయలేకపోతే నువ్వు చెప్పిన చోటికి నేనే తీసుకొస్తాను. పందెం!"

అమ్మాయి నా మొహం చూసి "సరే" అంది. బల్ల దగ్గర ఆయన కూడా విన్నారు. "తల్లీకూతుళ్ళు నా మీద పందాలు కాస్తున్నారోయ్" అని నవ్వారు. 'నువ్వు' అని పిలిచినా సరిపోనంత ముద్దొస్తే ఆయన నన్ను 'ఓయ్' అంటారు.

ఇక్కడ సిస్టమ్ ఎక్కించడంలో ఉన్న ఒక తిరకాసు చెప్పాలి. పెన్‌డ్రైవ్ గుచ్చి కంప్యూటర్ ఆన్ చేస్తే, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వస్తాయి. ఏదైనా ఒక కీ నొక్కండి అని. నొక్కాలి. నొక్కితే, ఏ భాష కావాలని అడిగి, సరుకంతా డిస్కులోకి దింపుకుని, కాసేపటికి తనంతట తనే ఆరిపోయి వెలుగుతుంది. వెలిగి, మళ్ళీ అదే మాట అడుగుతుంది, ఏదైనా ఒక కీ నొక్కండి అని. అప్పుడు నొక్కకూడదు. ఊరుకుంటే నాలుగు క్షణాల్లో అదే విసుగు పుట్టి ముందుకు వెళ్ళిపోతుంది. నొక్కామా, చేసిందంతా గంగలో కలిసి మళ్ళీ భాష దగ్గర మొదలవుతుంది.

"మొదటిసారి నొక్కాలి, రెండోసారి నొక్కకూడదు. అది అడుగుతుంది, అయినా నొక్కకూడదు." పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ మా ఆయన చెప్పే మొదటి పాఠం ఇది. చెప్పడమే కాదు, ఆయన తన చేతిని తానే నమ్మేవారు కాదు. కంప్యూటర్ ఆరిపోయి, మళ్ళీ వెలిగేముందు కుయ్‌మంటుంది చూడండి, ఆ కూత వినపడగానే కుర్చీలోంచి లేచి వంటింట్లోకి వచ్చేసేవారు. "ఏమిటి దండయాత్ర?" అంటే "చెయ్యి ఊరుకోదోయ్, అందుకని నీ దగ్గరికి పారిపోయి వచ్చా" అనేవారు. నేను టీ చేతిలో పెట్టేదాన్ని. తాగి వెళ్ళేసరికి తెర మీద పని సాగిపోతూ ఉండేది. మా కాపురంలో ఎన్ని టీలు ఇలా తాగారో లెక్కలేదు. ముందుగదిలో కుయ్‌మంటే చాలు, నా చెయ్యి దానంతట అదే కప్పు మీదికి వెళ్ళేది.

సరే, ఆయన మొదలుపెట్టారు. ఎక్కలేదు. మళ్ళీ పెట్టారు. మళ్ళీ మొదటికే మోసం. కాసేపు బాగా నడుస్తుంది, ఆరి వెలుగుతుంది, చూస్తే మళ్ళీ ఏ భాష కావాలి అంటూ నిలబడుతుంది. "ఎన్నిసార్లు చెప్పాలే నీకు!" అని నేనే తెర మీద అరిచాను.

పెన్‌డ్రైవ్ చెడిపోయిందన్నారు ఆయన. శిష్యుడికి ఫోన్ చేస్తే వచ్చి కొత్తది ఇచ్చి, పాతది పట్టుకెళ్ళాడు. దానితోనే వాడి షాపులో ఇంకో కంప్యూటర్‌కి దివ్యంగా ఎక్కిందట. అయితే కేబుల్ అన్నారు. కేబుల్ మార్చారు. ర్యామ్ అన్నారు. శిష్యుడు ర్యామ్ తెచ్చాడు. ఆయన పాతది తీసి, రబ్బరుతో తుడిచి, కొత్తది పెట్టి, మళ్ళీ మొదలుపెట్టారు. అదే భాష, అదే ప్రశ్న. నాకు తల ప్రాణం తోకకి వచ్చింది. ఇక డిస్కే పోయి ఉంటుందని తేల్చారు. శిష్యుడు కొత్త డిస్కు తెచ్చి బల్ల మీద పెట్టి, చేతులు నలుపుకుంటూ గుమ్మం దగ్గర ఆగాడు.

"అమ్మగారూ, నేను తెచ్చినవన్నీ ఉత్తినే తెచ్చానండీ. ఇందులో ఏదీ పాడవలేదు. గురువుగారు పని చేస్తుంటే ఒక్కసారి పక్కన కూర్చోండి."

"ఏం, మా ఆయనకి కాపలా కాయాలా?"

"అది కాదమ్మగారూ..."

"ఏది కాదు? సొంత షాపు పెట్టుకునేసరికి నీకూ కొమ్ములొచ్చాయా? వెళ్ళు, వెళ్ళి నీ పని చూసుకో!"

వాడు తలవంచుకుని మెట్లు దిగిపోయాడు. వెళ్తూ వెళ్తూ కళ్ళు తుడుచుకున్నట్టు అనిపించింది. దుమ్మేదో పడిందిలే అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం. ఆయన ముందుగదిలో కొత్త డిస్కుతో కూర్చున్నారు. నేను వంటింట్లో కూరగాయలు తరుగుతున్నాను. తలుపు సగం తెరిచి ఉంది. స్పేస్‌బార్ చప్పుడు వినపడింది, ఒక్కసారి. ఆ చప్పుడు మిగతా కీల చప్పుడులా ఉండదు, కాస్త బరువుగా, చెక్క మీద మెల్లగా తట్టినట్టు ఉంటుంది. ఆహా, మొదలైందన్నమాట అనుకుని నా తరుగుడు నేను తరుగుతున్నాను. కాసేపటికి కుయ్‌మంది. నా చెయ్యి కప్పు మీదికి వెళ్ళింది.

ఆయన రాలేదు. కుర్చీ కదిలిన చప్పుడు కూడా లేదు. దాని బదులు స్పేస్‌బార్ చప్పుడు వినపడింది, రెండోసారి.

కప్పు పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది. కంప్యూటర్ మొరాయించిన దగ్గర్నుంచి ఆయన ఒక్కసారి కూడా టీకి రాలేదు. ప్రతిసారీ నేను పెట్టడం, అది చల్లారిపోవడం, పనిలో పడ్డారులే అని నేను పారబోయడం. ఇంత చెవి పెట్టుకుని, ఇన్నాళ్ళూ నా చెవులకేం రోగం వచ్చిందో నాకు తెలియదు. విన్నాను కాబోలు, వినకూడదనుకుని ఉంటాను.

చప్పుడు కాకుండా వెళ్ళి తలుపు చాటున నిలబడ్డాను. తెర మీద ఏ భాష కావాలని అడుగుతోంది. ఆయన తల గోక్కుని "చచ్చాం, మళ్ళీ మొదటికొచ్చింది" అన్నారు. విసుక్కోకుండా, ఓపిగ్గా, మళ్ళీ అన్నీ అడిగినవి చెప్పారు. నేను అక్కడే నిలబడ్డాను. సరుకు దిగింది, ఆరింది, కుయ్‌మంది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. ఆయన కళ్ళజోడు సర్దుకుని, ఆ మాట పెదాలతో చదువుకుని, నొక్కారు. ఎంత పద్ధతిగా నొక్కారో! వీపు నిటారుగా పెట్టి, బొటనవేలితో, పెళ్ళైన కొత్తలో నేను నేర్పినట్టే.

కసురుదామని నోరు తెరిచాను. నా నోరు తెరుచుకుని మాట రాకపోవడం నాకు తెలిసి అదే మొదలు. తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఊరందరికీ ఆ పాఠం చెప్పిన మనిషి! నా చేతిని నేనే నమ్మనని వంటింట్లోకి పారిపోయి వచ్చిన మనిషి! ఏడుపు ముంచుకొచ్చి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆయన చూడనే చూశారు.

"ఏమోయ్, ఇలా రా. ఈ కొత్త డిస్కు కూడా పోయినట్టుంది. అమ్మాయికేం చెబుదాం?"

"ఏం చెబుతాం, అవుతుందని చెబుతాం."

"అవ్వట్లేదుగా." ఆయన గొంతు తగ్గించారు. "నాకేం కాలేదని దానితో అన్నావుగా నువ్వు. నిన్ను ఓడిస్తానేమోనని బెంగగా ఉందోయ్."

నా గుండె చెరువైపోయింది. ఇన్నాళ్ళూ ఈయన ఈ కంప్యూటర్‌తో కుస్తీ పట్టింది నా కోసమన్నమాట. నేను నోరు పారేసుకుని పెట్టుకున్న దిక్కుమాలిన పందెం కోసం.

"డిస్కుకేం కాలేదు, శుభ్రంగా ఉంది. ఇంకొక్కసారి మొదలుపెట్టండి. నేను టీ పెడతాను" అన్నాను.

వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద గిన్నె పెట్టి, గుమ్మం దగ్గరే నిలబడ్డాను. కుయ్‌మనగానే గొంతు చించుకుని అరిచాను.

"ఏమండీ! ఓసారి ఇలా రండి!"

"ఉండవోయ్, ఇదేదో నొక్కమని..."

"నొక్కుడు తర్వాత! ముందు రండి! పాలు పొంగిపోతున్నాయి!"

కుర్చీ జరిగిన చప్పుడు. ఆయన కంగారుగా వచ్చారు. పాలు గిన్నెలో అడుగున ఎక్కడో ఉన్నాయి. ఆయన గిన్నెలోకి చూసి, నా మొహంలోకి చూశారు. నేను ముందే వడపోసి ఉంచిన టీ కప్పు చేతిలో పెట్టాను. ఊదుకుంటూ ఒక గుక్క తాగారు.

"ఇదివరకు నువ్వు పిలవకుండానే వచ్చేవాణ్ణి కదూ ఇలాగ?"

"ఊఁ."

"ఎందుకొచ్చేవాణ్ణోయ్?"

"ఎందుకేమిటి, నా మొహం చూడ్డానికి."

"అయితే మంచి పనే చేసేవాణ్ణి" అని నవ్వి, ఇంకో గుక్క తాగి, కప్పులోకి చూశారు. "నాకేదో అవుతోందోయ్" అన్నారు. ఎవరి గురించో చెబుతున్నట్టు, మామూలుగా అన్నారు.

"మీకేం కాలేదు. గుండ్రాయిలా ఉన్నారు. టీ తాగండి" అన్నాను. ఇన్నాళ్ళూ ఆ మాట అమ్మాయితో నమ్మి అన్నాను. ఇప్పుడు ఒక్క అక్షరం కూడా నమ్మకుండా అన్నాను.

మేము వెళ్ళేసరికి తెర మీద పని దానంతట అది నడిచిపోతోంది. ఇంకాసేపటికి సిస్టమ్ ఎక్కేసింది. ఆయన సంబరం చూడాలి! బల్ల చరిచారు. "చూశావా! ఈ చేతిలో ఏముందనుకున్నావోయ్!" అన్నారు. అమ్మాయికి తనే ఫోన్ చేసి, "మీ అమ్మ గెలిచింది, వచ్చి చూసుకో" అని పెట్టేశారు. నేను కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాను, మొహం కనపడకుండా.

సాయంత్రం క్లినిక్ నుంచి అమ్మాయి సరాసరి మా ఇంటికే వచ్చింది. చెప్పులు విప్పుతూనే తెర చూసింది. మెరిసిపోతున్న కొత్త తెర. దాని పక్కన చేతులు కట్టుకుని పెళ్ళికొడుకులా వాళ్ళ నాన్న. అది బ్యాగు కింద పడేసి ఆయన్ని వాటేసుకుంది.

"సారీ నాన్నా. నేనే ఏదేదో ఊహించుకుని హడలిపోయాను. బుద్ధి తక్కువై అమ్మతో అన్నాను."

"పోన్లేరా, నీ భయం నీది" అని ఆయన దాని తల నిమిరారు.

దాని మొహం అంత తేటగా ఉండి ఎన్నాళ్ళైందో! భుజాల మీంచి పెద్ద మూట దించుకున్నట్టుంది. నేను నోరు మూసుకుంటే చాలు, పందెం నాది. ఇకమీదట ఎవరూ మా ఆయన్ని ఒక్క మాట అనరు. కుయ్‌మన్నప్పుడల్లా నేను పిలుస్తాను, ఆయన వస్తారు, ఎవరికీ తెలియదు. ఆ ఆశ ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. కానీ రేపు ఆయన గ్యాస్ వెలిగించి మరిచిపోతేనో? వీధి చివరిదాకా వెళ్ళి ఇల్లు మరిచిపోతేనో? అప్పుడు ఎక్కణ్ణుంచి నిలబడి పిలవను?

అమ్మాయి వంటింట్లోకి నా వెనకే వచ్చి, నా మెడ చుట్టూ చేతులు వేసింది.

"నువ్వే గెలిచావమ్మా. ఒప్పుకున్నాను. ఇంక తిట్టకు."

"మీ డాక్టరుకి రేపు ఖాళీ ఉంటుందా?"

"అబ్బ, వెటకారం చాల్లే!"

"వెటకారం కాదే. రేపటికి మీ నాన్న పేరు రాయించు."

అది చేతులు తీసేసి నా ముందుకి వచ్చింది. నేను చెప్పాను. బొటనవేలి సంగతి చెప్పాను, చల్లారిపోయిన టీల సంగతి చెప్పాను. గుడ్డల బీరువాలోంచి స్క్రూల సీసా తెచ్చి చేతిలో పెట్టాను. సీసా నిండుగా ఉంది. అది దాన్ని పట్టుకుని వంటింటి నేల మీద చతికిలబడింది. దాన్ని ఓదార్చాల్సిన తల్లిని, నేనూ దాని పక్కనే కూర్చుని ఏడ్చాను. నోటికి చేతులు అడ్డం పెట్టుకుని ఏడ్చాం ఇద్దరమూ, ఆయనకి వినపడకుండా.

అప్పుడు ముందుగదిలో కుయ్‌మంది. వెంటనే స్పేస్‌బార్ చప్పుడు.

ఇద్దరం లేచి పరిగెత్తాం. ఆయన పెన్‌డ్రైవ్ మళ్ళీ గుచ్చి కూర్చున్నారు. మధ్యాహ్నం ఎక్కించిన కొత్త సిస్టమ్‌ని చకచకా తుడిచేస్తున్నారు.

"ఇదేమిటండీ?" అన్నాను.

"ఈ పీడ వదిలించేస్తానోయ్ ఇవాళ్టితో. పాతది తీసేసి కొత్తది ఎక్కించెయ్యాలి." తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "అమ్మాయి వచ్చేసరికి అయిపోవాలి. లేకపోతే నువ్వు పందెం ఓడిపోతావు."

అమ్మాయి నా పక్కనే ఉంది. ఆయన తలతిప్పితే తగిలేంత దగ్గర్లో. అది నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నన్ను మెల్లగా వెనక్కి లాక్కుని వంటింట్లోకి తీసుకొచ్చింది. మొహం కడుక్కుంది. నేను గిన్నె కడిగి పొయ్యి మీద పెట్టాను. టీ మరిగింది. మూడు కప్పుల్లో పోశాను. పోసి, తలుపు వైపు చెవి పెట్టి ఇద్దరం నిలబడ్డాం.

కుయ్‌మంది. నేను నోరు తెరిచేలోపే అమ్మాయి పిలిచేసింది.

"నాన్నా! ఓసారి ఇలా రా!"

ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. తర్వాత కుర్చీ జరిగింది. ఆయన గుమ్మంలోకి వచ్చి, అమ్మాయిని చూసి, మొహం చేటంత చేసుకున్నారు.

"అరె, ఎప్పుడొచ్చావురా?"

అమ్మాయి టీ కప్పు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇప్పుడే నాన్నా" అంది.